నాలుగో అధ్యాయంలో నా మాటలు

శాఖ కార్యాలయం, మూడో అంతస్తు
జూన్

గౌరవనీయులైన మాతృమూర్తి గారికి,

మీ కుమార్తె, మా పరిశోధక విద్యార్థిని (విద్యార్థిని పేరు) అకాల మరణ వార్త మమ్మల్ని తీవ్ర దిగ్భ్రాంతికి గురిచేసింది. విజ్ఞాన గగనంలో ఒక ఉజ్వల తార రాలిపోయింది. ఆమె అంకితభావం, క్రమశిక్షణ, చెరగని చిరునవ్వు మా హృదయాల్లో చిరకాలం నిలిచి ఉంటాయి. (పరిశోధనాంశం) విషయంలో ఆమె చేసిన కృషి సమాజానికి అమూల్యమైన కానుక. ఈ కష్టకాలంలో మీకు, మీ కుటుంబ సభ్యులకు మనోధైర్యం కలగాలని కోరుకుంటున్నాం. ఎలాంటి సహాయం కావలసినా సంకోచించకుండా మమ్మల్ని సంప్రదించగలరు.

భవదీయుడు,
పరిశోధన పర్యవేక్షకుడు

*

బట్టల గది, ఆసుపత్రి వెనక
జూన్ ఆఖరు

సారు గారికి,

మీ ఉత్తరం అందింది. చాలా బాగా రాశారు. తార రాలిపోయింది అన్నచోట మా ఇస్త్రీ అక్క ఏడ్చింది. ఇస్త్రీ అక్క అంటే నాతో పాటు ఈ ఆసుపత్రి బట్టల గదిలో పనిచేస్తుంది. నేను ఉతుకుతాను, ఆమె ఇస్త్రీ చేస్తుంది. ఏ ఉత్తరం చదివినా ఏడుస్తుంది, కరెంటు బిల్లు తప్ప.

మా పిల్ల పేరు ఉండాల్సిన చోట విద్యార్థిని పేరు అని ఉంది. అది చదివిన విషయం ఉండాల్సిన చోట పరిశోధనాంశం అని ఉంది. పెద్ద చదువుల్లో పోయినవాళ్ళ పేరు రాయకపోవడం మర్యాదేమో అనుకున్నాం.

నేను ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. ముందు మీకు ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే ఒక ఆడమనిషి ఎత్తి, మీరు మీటింగులో ఉన్నారని చాలా ప్రేమగా చెప్పింది. నాకు కూతురు పోయిందమ్మా అంటే, అయ్యో చాలా బాధాకరం, ఇంకేదైనా సహాయం కావాలా అంది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే ప్రేమగా అంది. ఆమె మనిషి కాదని తర్వాత తెలిసింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

సహాయం కావాలంటే అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా పిల్ల నాలుగేళ్ళు మీ దగ్గర చదివింది. ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్ళు, ఉతికేవాళ్ళు, స్ట్రెచర్లు తోసేవాళ్ళు తమ పని గురించి ఎలా మాట్లాడతారో, దాని మీద థీసిస్ రాస్తోంది. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా ఉత్తరంలో ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నాను. మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేసుకొచ్చి, ఇంట్లో చెవులకు పెట్టుకుని ఒక్కో మాటా రాసుకునేది. ఎవరైనా దగ్గితే దగ్గు కూడా రాసేది. దగ్గెందుకే పిచ్చిదానా అంటే, అక్కడ ఆగాడమ్మా, ఎందుకు ఆగాడో చూడాలి కదా అనేది. ఒక ముసలాయన దగ్గు గురించి రెండు రోజులు ఆలోచించింది.

మూడు అధ్యాయాలు అయిపోయాయి, నాలుగోది ఒక్కటీ అయితే గట్టెక్కినట్టే అని చెప్పింది. ఇంతలో జ్వరం వచ్చింది. మా ఆసుపత్రిలోనే, పై అంతస్తులో పోయింది.

మొన్న దాని పక్క బల్ల అమ్మాయి నన్ను చూడ్డానికి వచ్చింది. మా పిల్ల తర్వాత రెండేళ్ళకు చేరి, మా పిల్లకన్నా ముందే డాక్టరేటు తీసేసుకుంది. అదెలాగమ్మా అంటే, ఏఐ అని ఉంది ఆంటీ, మనం నాలుగు ముక్కలు చెప్తే అది అధ్యాయం రాసిచ్చేస్తుంది, ఇప్పుడందరూ అంతే, మీ అమ్మాయే దాన్ని ముట్టుకోలేదు అంది.

నా కోరిక ఒక్కటే. ఆ నాలుగో అధ్యాయం ఆ ఏఐ చేత రాయించి, మా పిల్ల పేరు ముందు డాక్టర్ అని పెట్టించండి. అది బతికుంటే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు అడగడానికి లేదు కదా.

ఇట్లు,
మీ విద్యార్థిని తల్లి

*

మూడో అంతస్తు
జూలై

అమ్మా,

నమస్కారం. మొదటి ఉత్తరం నేను రాయలేదు. శాఖ ఉత్తరాలన్నీ ఏడాదిగా ఏఐ రాస్తోంది. పేర్లు నింపి సంతకం పెట్టడం మా పని. ఆ రోజు సంతకం ఒక్కటే పెట్టాను. ఫోన్ ఎత్తే ఆవిడ కూడా అదే. ఆవిడ ప్రేమగా మాట్లాడుతుందని మాకు చాలామంది చెప్పారు. మాతో ఎవరూ అంత ప్రేమగా మాట్లాడరు.

ఇది మాత్రం నేనే రాస్తున్నాను. చేతిరాత చూస్తే తెలుస్తుంది.

మీ అమ్మాయి నెమ్మది. మీటింగుల్లో ఆ మాట చాలాసార్లు వచ్చింది. మా వరండా గోడకు ఒక తెర బిగించారు. ఏ పరిశోధక విద్యార్థి ఈ నెల ఎన్ని పేజీలు రాశాడో అందులో కనిపిస్తుంది. మీ అమ్మాయి పేరు ఎప్పుడూ అడుగున ఉండేది. దాని ముందు నిలబడి, "కింద నుంచి లెక్కపెడితే నేనే ఫస్టు సార్" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఆ పక్కనే గైడులకు కూడా ఒక తెర ఉంది, దాని గురించి మేము నవ్వుకోం.

ఇదివరకు టేపుల్లో మాటలు ఎక్కించడానికి మాకు ఇద్దరు టైపిస్టులు ఉండేవారు, ఇప్పుడు లేరు. పుస్తకాలు వెతికిపెట్టడానికి సహాయకులుగా నలుగురు పిల్లలను తీసుకునేవాళ్ళం, ఆ కొలువులూ పోయాయి. వచ్చే ఏడు నుంచి ఒక్కో గైడుకు రెట్టింపు మందిని అప్పగిస్తారట, చదవడానికి ఏఐ ఉంది కదా అని. నేను రిటైరయ్యాక నా కుర్చీలో మనిషిని కూర్చోబెడతారో లేదో తెలియదు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, నేనేమీ నిష్ఠగా ఉన్నవాణ్ణి కాదని మీకు తెలియాలి. అయినా మీరు అడిగింది నా వల్ల కాదమ్మా. ఆమె రాయని అధ్యాయం ఆమె పేరు మీద పెట్టలేను. దగ్గు రాసే పిల్ల. ఆమె ఒప్పుకునేది కాదని మీరే అన్నారు.

మీ,
గైడు

*

బట్టల గది
జూలై

సారు గారికి,

ఉత్తరం అందింది. ఈసారి ఇస్త్రీ అక్క ఏడవలేదు. మీ చేతిరాత అర్థం కాలేదంది. నాకు అర్థమైంది.

నాకొక సందేహం. మా పిల్ల పోయిందని బాధపడే ఉత్తరం ఏఐ చేత రాయించి సంతకం పెట్టొచ్చు గానీ, అధ్యాయం రాయించకూడదా? చచ్చిపోయినవాళ్ళ మీద ఉత్తరానికి లేని పట్టింపు థీసిస్‌కు ఎందుకో నాకు అంతుపట్టలేదు. నేను కోపంతో అడగడం లేదు. తెలియక అడుగుతున్నాను.

పై ముక్క చదివి ఇస్త్రీ అక్క, "నువ్వు కోపంతోనే అడుగుతున్నావు, అబద్ధం రాయకు" అంది. అయినా కొట్టేయలేదు. కాగితం ఖరాబవుతుంది.

మా గదిలో కూడా కొత్త మిషను పెట్టారు సార్. దానంతటదే నీళ్ళు పట్టుకుంటుంది, సబ్బు పోసుకుంటుంది, పిండేస్తుంది. ఇది వచ్చాక మీరు నిలబడి చూస్తే చాలు అన్నాడు మా పెద్దాయన. పెద్దాయనంటే మా గది సూపర్‌వైజరు, వయసులో నాకన్నా చిన్నవాడే. ఇప్పుడు నిలబడి చూస్తున్నాం, దానితో పాటు ఇదివరకు ముగ్గురు పెట్టే మడతలు ఇద్దరం పెడుతున్నాం. మూడో ఆమెను మాన్పించారు. నేను మిషనుతో పోట్లాడానా? దుప్పటి శుభ్రంగా వస్తోందా లేదా అని చూసుకున్నాను, వస్తోంది. థీసిస్ కూడా అంతే అనుకోండి.

నాకిది ఎందుకు కావాలో చెప్తాను. మొన్న మా మరిది వచ్చాడు. అన్న లేని ఇల్లు కదా, పెద్దరికం చెయ్యడానికి ఏడాదికోసారి వస్తాడు. కుర్చీలో కూర్చుని, "నాలుగేళ్ళు చదివింది, చివరికి ఏం చేతికొచ్చింది వదినా, సగంలోనే ఆగిపోయింది కదా" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను. కానీ సగంలో ఆగిపోయింది అన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది. అది సగంలో ఆపే పిల్ల కాదు సార్. పళ్ళు తోముకోవడానికి అరగంట పట్టేది, కానీ ఒక్క పన్ను వదిలేది కాదు.

నాలుగో అధ్యాయం మా బట్టల గది గురించేనట. నన్ను కూడా కూర్చోబెట్టి రికార్డు చేసింది. ఆ రికార్డు మీ కంప్యూటర్లో ఉందని, అది ఏఐకి ఇస్తే సరిపోతుందని పక్క బల్ల అమ్మాయి చెప్పింది. అప్పుడు ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ మంచి మాటలే అయి ఉంటాయి.

ఇట్లు,
దాని తల్లి

*

మూడో అంతస్తు
ఆగస్టు

అమ్మా,

మీ సందేహానికి జవాబు కోసం వారం వెతికాను.

మీ ఉత్తరం తీసుకెళ్ళి శాఖ మీటింగులో చదివాను. మా శాఖాధిపతి గారు కళ్ళు తుడుచుకుని, ఈ ఏడాది మనకు ఎలాగూ ఒక డాక్టరేటు తక్కువ పడింది అన్నారు. రెండూ మనస్ఫూర్తిగానే చేశారని నా నమ్మకం.

ఆమె మూడు అధ్యాయాలు, మీ రికార్డు ఏఐకి ఇచ్చాను. కింద క్యాంటీన్ నుంచి టీ తెచ్చుకునేసరికి అధ్యాయం తయారై ఉంది. టీ ఇంకా వేడిగానే ఉందని తోటి మాస్టారు ఒకాయన అన్నాడు. రికార్డు నేను వినలేదు. ఆమె గొంతు ఉంటుంది కదా. ధైర్యం చాలలేదు.

అధ్యాయం అచ్చు తీసి ఈ కవర్లో పెడుతున్నాను. వెనక ఒక అంగీకార పత్రం ఉంది. మీరు చదివి, సరేననిపిస్తే దాని మీద సంతకం పెట్టి పంపండి. పరీక్షకులు ఇద్దరూ బయటివాళ్ళు. ఇదివరకు వాళ్ళ నివేదిక రావడానికి ఆరు నెలలు పట్టేది, ఈమధ్య సాయంత్రానికే వస్తోంది. ఎలా వస్తోందని ఎవరూ ఎవరినీ అడగరు. వచ్చే స్నాతకోత్సవంలో ఆమె పట్టా మీరే వేదిక ఎక్కి తీసుకోవచ్చు.

మీ,
గైడు

*

బట్టల గది
ఆగస్టు

సారు గారికి,

అందింది. దేవుడిలా చేశారు. ఇంకా మొదటి పేజీలే చదివాను, కూడబలుక్కుని చదవాలి కదా, రోజుకు కొంచెం చదువుతున్నాను. పైన మా పిల్ల పేరు ఉంది. అక్షరాలు నల్లగా, లావుగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాల వేళ గదిలో పైకి చదువుతున్నాను, ఊడ్చే ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారు. పెద్దాయన కూడా వచ్చి నిలబడి విన్నాడు. "సమ్మిళిత శ్రమ" అంటే ఏమిటని అడిగాడు. నువ్వు చేయనిది అని ఇస్త్రీ అక్క చెప్పింది.

వేదిక ఎక్కడానికి ఏం చీర కట్టుకోవాలో ఇప్పటి నుంచే తగువు పడుతున్నారు. పూర్తిగా చదవగానే సంతకం పెట్టి పంపుతాను.

ఇట్లు,
డాక్టరమ్మ తల్లి

*

బట్టల గది
సెప్టెంబరు

సారు గారికి,

మీ జవాబు రాకముందే రాస్తున్నాను. సంతకం పెట్టలేదు.

ఏమైందో వరసగా చెప్తాను. మధ్యలోకి వచ్చేసరికి ఒక మగమనిషి మాటలు వచ్చాయి. మా గదిలో ఇరవై ఏళ్ళుగా దుప్పట్లు ఉతుకుతున్నాడట, ఉతికిన ప్రతి దుప్పటీ తనకొక ప్రార్థన లాంటిదట. సార్, మా గదిలో మగవాడంటే పెద్దాయన ఒక్కడే. ఆయన దుప్పటి ముట్టుకోగా నేను చూడలేదు. అందరం ఆయన వైపు చూశాం. నేను కాదు, నేనలా ఎందుకంటాను అని పాపం ఒట్టు వేశాడు. సరేలే, ఏ ఆసుపత్రిలోనో విన్నదేమో, కలిసిపోయి ఉంటుంది అనుకుని ముందుకు వెళ్ళాను.

తర్వాత నేను వచ్చాను. పేరు లేదు గానీ, పరిశోధకురాలి తల్లి అని ఉంది. "నా శ్రమే నా గుర్తింపు, ఈ తెల్లని దుప్పట్లలో నా జీవితాన్ని నేనే ఉతుక్కుంటున్నాను" అన్నానట. ఇస్త్రీ అక్క ఇస్త్రీ ఆపేసి, "ఎప్పుడన్నావే ఇది? మొన్న జీతం కోసినప్పుడు పెద్దాయన్ని పట్టుకుని నువ్వన్నవి నేను విన్నాను, ఆ మాటలు ఇందులో లేవేం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా గురించి "మితభాషి అయిన స్త్రీ" అని కూడా ఉంది. అంటే తక్కువ మాట్లాడేదాన్ని అని పెద్దాయనే చెప్పాడు, చెప్పి బయటికి వెళ్ళిపోయి నవ్వుకున్నాడు.

అంతవరకూ ఓర్చుకున్నాను సార్. నా నోట్లో పెద్ద మాటలు పెడితే నాకు పోయేదేముంది, డాక్టరేటు వస్తుంది కదా అనుకున్నాను. చివరి పేజీకి వచ్చాను. అక్కడ నేను మా పిల్ల చెయ్యి పట్టుకుని, "నిన్ను చూస్తే నాకు చాలా గర్వంగా ఉంది తల్లీ" అన్నానని ఉంది. అది కళ్ళనీళ్ళు పెట్టుకుందని ఉంది.

ఆ పేజీ పైకి చదవలేదు. మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

ఇది నేను అనలేదు సార్. అనుకున్నాను. రోజూ అనుకున్నాను. అది బస్సెక్కేటప్పుడు అనుకున్నాను, రాత్రిళ్ళు చెవులకు అవి పెట్టుకుని దగ్గులు రాసుకుంటుంటే అనుకున్నాను. నోటితో అనలేదు. మా ఇంట్లో అలా మాట్లాడుకోం. ఇప్పుడు మీరు దీన్ని పుస్తకంలో పెడితే, చదివిన వాళ్ళందరూ అది ఈ మాట విన్నదనుకుంటారు. వినలేదు. వినకుండానే పోయింది. నాకు మిగిలింది ఆ ఒక్క బాధ, దాన్ని కూడా ఏఐ తుడిచేస్తే నేనేం పెట్టుకోను?

మా మిషను దుప్పటి మీద మరక తీసేస్తుంది. అది దాని పని. కానీ లేని దుప్పటిని మడతపెట్టి ఇవ్వదు.

నాకు డాక్టరేటు కావాలి. అబద్ధం చెప్పను, ఇప్పటికీ కావాలి. కట్టుకునే చీర ఏదో కూడా తేలిపోయింది. కానీ ముందు నాకొకటి చేసిపెట్టండి. ఆ రికార్డులో నేను నిజంగా ఏమన్నానో మీరు విని, ఉన్నదున్నట్టు రాసి పంపండి. ఏఐకి ఇవ్వకండి. మీ చేతిరాతైనా ఫరవాలేదు.

ఇట్లు,
దాని తల్లి

*

మూడో అంతస్తు
సెప్టెంబరు ఆఖరు

అక్కయ్య గారికి,

రికార్డు విన్నాను. తలుపు వేసుకుని విన్నాను. చాలా చిన్నది, మీరు అన్నం తినేంత సేపు కూడా లేదు. రాయడానికి మాత్రం వారం పట్టింది. మీ అమ్మాయి ఎందుకు నెమ్మదో ఇప్పుడు తెలిసింది. ఒక మాట రాసి, వెనక్కి తిప్పి విని, మళ్ళీ రాయాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరిది ముందు రాయాలో తేల్చుకోవాలి. మీరిద్దరూ ఎప్పుడూ ఒకేసారి మాట్లాడారు.

ఉన్నదున్నట్టు ఇదీ:

ఆమె: అమ్మా, పొద్దున్నే గదిలోకి రాగానే ముందు ఏం చూస్తావు?

మీరు: నీ మొహం. నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా?

ఆమె: అమ్మా, రికార్డవుతోంది.

మీరు: అవనీ. తిన్నావా అని అడిగితే రికార్డుకేమన్నా నొప్పా?

ఆమె: తిన్నానమ్మా. సరే, ఈ పనిలో బయటివాళ్ళకు కనపడనిది ఏంటి?

మీరు: నీ మెడ ఎముకలు మాత్రం అందరికీ కనపడుతున్నాయి. ముందు అది చూసుకో.

(ఆమె నవ్వు. తలుపు చప్పుడు.)

ఇంకో ఆవిడ: ఏంటే, తల్లీకూతుళ్ళ మంతనాలు?

మీరు: ఏయ్, మెల్లగా. మా పిల్ల పెద్ద పుస్తకం రాస్తోంది. అందులో మన గది కూడా వస్తుంది. దాని ముందు నోరు కాస్త అదుపులో పెట్టుకో.

ఇంకో ఆవిడ: అబ్బో. నీ కూతురు పుస్తకం రాస్తే నేను మాట్లాడ్డం మానెయ్యాలా?

మీరు: మానెయ్యక్కర్లేదు. చూసుకుని మాట్లాడు. ఇంత పుస్తకం ఈ ఆసుపత్రిలో డాక్టర్లు కూడా రాసుండరు. అది దగ్గు కూడా వదలదు.

(ఆమె నవ్వు, చాలాసేపు. ఒక దగ్గు. ఎవరిదో తేల్చలేకపోయాను.)

ఆమె: సరే తల్లీ. ఇంకేమైనా చెప్తావా?

మీరు: చెప్పడానికేముంది, తర్వాత చెప్తాలే. డబ్బా తెరువు, చల్లారిపోతోంది.

(రికార్డు ఆగింది.)

అంతే. గర్వం అన్న మాట ఇందులో లేదు. ఏఐ ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు తెలియదు. మీరు ఇంకో ఆవిడతో అన్న మాటలు మాత్రం అది తీసేసింది. ఎందుకు తీసేశావని అడిగాను. అవి విషయానికి సంబంధం లేని పక్క మాటలని చెప్పి, అసౌకర్యానికి క్షమించమంది.

శాఖాధిపతి గారికి సంగతి చెప్పాను. ఏఐ రాసిన అధ్యాయం పెడితే డాక్టరేటు, పెట్టకపోతే అక్టోబరు ఆఖరుకు ఫైలు మూసేస్తారు. మధ్యలో దారి లేదట. నేను చేయగలిగింది ఒకటి ఉంది. ఆమె రాసిన మూడు అధ్యాయాలు, వాటి వెనక ఈ కాగితం కలిపి కుట్టించి, పూర్తికాని పరిశోధన అని మా గ్రంథాలయంలో పెట్టించగలను. డాక్టర్ అని ఉండదు. పేరు ఉంటుంది. ఈసారి నేనే నింపుతాను.

ఏది చేయమన్నా చేస్తాను. ఏఐ అధ్యాయమే పెట్టమన్నా పెడతాను, మిమ్మల్ని ఒక్క మాట అనను. ఈ వారంలో నేను చదవాల్సిన అధ్యాయాలు పేరుకుపోయి, గైడుల తెరలో నా పేరు అడుక్కి వచ్చింది. వరండాలో పిల్లలు చూసి పక్కకు తప్పుకుంటున్నారు.

మీ తమ్ముడి లాంటి,
గైడు

*

బట్టల గది
అక్టోబరు

సారు గారికి,

ఫైలు మూసేయమనండి.

ఇక మా మరిది వస్తే పూర్తి కాలేదనే చెప్తాను. పూర్తి చేయలేదు, చచ్చిపోయింది. అందులో దాచడానికేముంది. కాఫీ మాత్రం ఇవ్వను.

మీరు రాసి పంపింది గదిలో పైకి చదివాను. ఈసారి మొత్తం చదివాను. ఇంకో ఆవిడ అని రాశారే, అది ఇస్త్రీ అక్కే. తన పేరు రాయలేదని అలిగింది. అలిగి, ఏడ్చింది. పుస్తకం గురించి నేను అలా అన్నట్టు నాకు అసలు గుర్తులేదు. ఆమెకు గుర్తుందట. నువ్వు ఆ మాట రోజూ అంటూనే ఉంటావు కదే, ఇందులో వింతేముంది అంది. మా పిల్ల అప్పుడు చాలాసేపు నవ్విందని రాశారు. సరే.

ఆ దగ్గు దానిదే. నవ్వితే దగ్గేది.

మూడు అధ్యాయాలు, ఈ కాగితం కుట్టించండి. కానీ మీ కాగితం చూశాక నాకొకటి కనపడింది. మా పిల్ల మూడు ప్రశ్నలు అడిగింది, నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. తర్వాత చెప్తానన్నాను. ఇప్పుడు చెప్తున్నాను. దీన్ని కూడా వెనకాల కుట్టించండి. తప్పులు దిద్దకండి. తర్వాత చెప్పిందని పక్కన రాయండి, లేకపోతే అప్పుడే చెప్పాననుకుంటారు.

పొద్దున్నే గదిలోకి రాగానే ముందు ఏం చూస్తావు అని అడిగింది. నీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తాను. రాకపోతే పెద్దాయన్ని తిట్టడం మొదలుపెడతాను. వస్తే మూటలు విప్పుతాను. మిషను వచ్చినా అంతే, మూట విప్పడం దానికి రాదు.

బయటివాళ్ళకు కనపడనిది ఏంటి అని అడిగింది. దుప్పటి మీద పేరుండదు. మూట మీద వార్డు నంబరు ఒక్కటే ఉంటుంది. ఎవరు పడుకున్నారో, లేచి ఇంటికెళ్ళారో లేదో మాకు తెలియదు. మేము అడగం. అడిగితే చేతులు కదలవు. నువ్వు పోయాక నేను పనిలోకి వచ్చిన రోజు నీ వార్డు మూట ఒకటి ఇంకా మూలన ఉంది. నువ్వు ముట్టుకోకు, నేను చూసుకుంటాను అంది ఇస్త్రీ అక్క. నేనే విప్పాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నిటికీ ఒకటే మందు వాసన. నీది ఏదో పోల్చుకోలేకపోయాను. కన్నతల్లిని, పోల్చుకోలేకపోయాను. అందుకని ఒక్కోటీ నీదే అనుకుని ఉతికాను. అప్పటి నుంచి ఏ మూట విప్పినా అలాగే చేస్తున్నాను. ఆలస్యమవుతోందని పెద్దాయన రోజూ సణుగుతాడు. బయటివాళ్ళకు కనపడదు. చూస్తే మామూలు మడతే.

ఇంకేమైనా చెప్తావా అన్నావు. చెప్తాను. ఆ రోజు వెళ్ళేటప్పుడు కూడా తిన్నానన్నావు. సాయంత్రం డబ్బా కడుగుదామని తెరిస్తే సగం అలాగే ఉంది. అది కూడా రాసుకో.